చిక్కటి నూనె

మంచాన పడ్డాక జాన్‌కు మిగిలిన పని ఒక్కటే. పొద్దున పిండి మిషను మొదలుపెట్టే ముందు అతని భార్య లూదియా ఇంజనులోని నూనెను ఒక మందుసీసాలో పట్టి తెచ్చి చేతికిచ్చేది. అతను మూత తీసి వాసన చూసేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక చుక్క వేసుకుని నలిపేవాడు. వేళ్ళు మెల్లగా ఎడం చేసి, మధ్యలో సాగిన తీగ ఎక్కడ తెగుతుందో కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాడు. అప్పుడు చెప్పేవాడు, "ఇంకింత గేరాయిలు కలుపు" అనో, "ఈ దినానికి చాల్లే" అనో. ఆ మాట పడ్డాకే గోడ అవతల ఇంజను హ్యాండిల్ కదిలేది.

ఆళ్లగడ్డలో బస్టాండు వెనక వీధిలో ఇల్లూ మిషనూ ఒకే కప్పు కింద ఉండేవి. నడుమ ఒక్క గోడ. ఆ గోడకు ఆనించే జాన్ మంచం వేయించుకున్నాడు. కాలూ చెయ్యీ బాగున్న రోజుల్లో అతన్ని అందరూ ఇంజను జాన్ అనేవాళ్ళు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఎండాకాలంలో, బెల్టు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఇంజను పక్కనే కూలబడ్డాడు. కుడి పక్కంతా పోయింది. నూనె సంగతి తెలిసినవి కుడిచేతి వేళ్ళు. ఇప్పుడు సీసా పట్టేదీ చుక్క నలిపేదీ ఎడమచెయ్యి. ఆ చేతికి ఏమీ తెలియదని జాన్ మొదటిరోజే గ్రహించాడు. కుడివేళ్ళ మధ్య నూనె ఒక మనిషిలా మాట్లాడేది. ఎడమవేళ్ళ మధ్య అది ఉత్త తడి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నిన్న ఏమన్నాడో గుర్తు తెచ్చుకుని, లూదియా ముఖం చూసి, ఏదో ఒకటి అనేవాడు. అన్నది జరిగేది. జరిగినంతసేపూ తను బతికే ఉన్నాడు.

అతని నమ్మకం సులువైనది. నూనె చిక్కగా ఉంటే ఇనుముకూ ఇనుముకూ మధ్య పరుపులా పడి ఉంటుంది, పల్చగా ఉంటే జారిపోతుంది. ఇంజను పాతబడేకొద్దీ నూనెను చిక్క చేస్తూ పోవాలి. అందుకని మామూలు నూనెలో, లారీ గేర్లకు పోసే చిక్కటి గేరాయిలు కలిపేవాడు, చలికాలం వస్తే ఆముదం కూడా. పాత నూనెను పూర్తిగా తీసి పారబోయడం అతని దృష్టిలో తప్పు. అది ఇంజనుకు అలవాటైన నూనె, తగ్గినంత మటుకు పోస్తే చాలు. ఈ నమ్మకం ఒక భయంలోంచి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు నంద్యాలలో ఒక వేరుశనగ మిల్లులో పనిచేస్తుండగా, అతని కళ్ళముందే ఒక పెద్ద ఇంజను కడ్డీ విరిగి, పక్క గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. నేల మీద పారిన నూనె నీళ్ళలా పల్చగా ఉండటం అతను చూశాడు. అది ఎందుకు పల్చబడిందో, దానివల్లే కడ్డీ విరిగిందో కాదో ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఆ రోజు నుంచీ పల్చటి నూనెను చూస్తే అతనికి ఆ పగిలిన గోడే కనిపించేది.

ఆ ఏడు చలికాలంలో ఇంజను పొద్దున్నే లేవనని మొండికేసింది. మిషను మీద సాయంగా ఉండే లూదియా తమ్ముడు బాలస్వామి హ్యాండిల్ తిప్పి తిప్పి చొక్కా తడిసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, లోపల ఉండేది నూనె కాదు, బెల్లంపాకం. నేను హ్యాండిల్‌ను తిప్పుతాండానో అది నన్ను తిప్పుతాండాదో తెల్దు."

"రాత్రి సంగటి తక్కువ తిన్న్యావేమో."

"మా అక్కనడుగు. ముద్ద మీద ముద్ద పెట్టింది."

"అయితే ఎక్కువైంది. పోయి తిప్పు."

బాలస్వామి నవ్వుతూనే పోయాడు. లూదియా నవ్వలేదు. మూలన జొన్నల సంచులు పేరుకుని ఉన్నాయి, ఆడవాళ్ళు ఎండెక్కేదాకా కూర్చుని కూర్చుని పక్క వీధి మిషనుకు పోతున్నారు. అది ఆమె చూస్తున్నది. జాన్ చప్పుళ్ళు మాత్రమే వింటున్నాడు.

ఆ వారంలోనే ఆమె బెల్టు తేవడానికి నంద్యాల పోయింది. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి, చెప్పులు విడిచి, మంచం పక్కన పీట వేసుకుంది.

"మాధవయ్యశెట్టి అంగట్లో కొత్త రకం నూనె వచ్చిండాది."

"ఎట్లుండాది?"

"పల్చగుండాది."

"అయితే ఇంక చెప్పొద్దు."

"చెప్పేది విను. దాంట్లో ఏదో మందు కలిపినారంట. మసిని కడిగి తనలో పట్టుకుంటాదంట. అందుకే పోసిన నాలుగు దినాలకే నల్లబడ్తాదంట. నల్లబడితే పాడైనట్టు కాదు, పని చేస్తాండాదని గుర్తంట."

"నల్లబడితే మంచిదంట. రేపు పుచ్చిన జొన్నలే మంచివంటాడు శెట్టి."

"ఇంజను అరిగేది పరిగెత్తేటప్పుడు తక్కువంట. పొద్దున లేచేటప్పుడే ఎక్కువంట. రాత్రంతా నూనె కిందికి దిగిపోయింటాది గదా. మళ్ళా పైకి ఎక్కేదాకా ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయంట. చిక్కటిది నింపాదిగా ఎక్కుతాదంట, పల్చటిది బిరీన పోతాదంట. ఆముదమైతే వేడికి జిగురై గోడలకు పట్టుకుంటాదంట."

"శెట్టికి ఇంజనుందా?"

"లేదు."

"త్రాసుందా?"

"ఉండాది."

"త్రాసు సంగతి చెప్పమను."

లూదియా కొంగుతో ముఖం తుడుచుకుంది. "మద్దిలేటి కూడా ఆడనే ఉన్న్యాడు. ఆయప్పా అదే మాటన్న్యాడు." మద్దిలేటి నంద్యాలలో ఇంజన్లు విప్పి బాగుచేసే మేస్త్రీ, జాన్‌తో ఒకే మిల్లులో పని నేర్చుకున్నవాడు. "కాకపోతే ముందు నూనె నిలిచే కింది చాంబరు విప్పల్లంట. అడుగున పేరుకున్న మడ్డంతా గోకి, నూనె పీల్చేకాడ ఉండే జల్లెడ కడిగి, అప్పుడు కొత్తది పొయ్యల్లంట. రెండు దినాలు మిషను నిలపాల్సొస్తాది."

"నా ఇంజను కడుపు కొయ్యడానికి మద్దిలేటెవరు?"

జాన్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పుగా తోచలేదు అతనికి. అదే అతన్ని బాధించింది. పొద్దున లేచేటప్పుడు ఇంజను చేసే పొడి చప్పుడు, లోపల ఎవరో పళ్ళు నూరుతున్నట్టుండే చప్పుడు, అతను ఏళ్ళుగా వింటున్నాడు. దానికి ఒక కారణం ఉండొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. ముసలి మనిషి లేవబోతూ మూలిగినట్టు, అది ఇంజను స్వభావం అనుకున్నాడు. ఇప్పుడు ఎవరో త్రాసు పట్టుకునేవాడు ఆ మూలుగుకు అర్థం చెప్పాడు. ఆ అర్థం తన నోటి నుంచి రాలేదు కాబట్టి అది అబద్ధం కావాలి.

ఆదివారం మిషను ఉండదు. లూదియా తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని, "గుడికి పొయ్యొస్తా" అని చెప్పి పోయింది. వాకిలి చప్పుడైంది. కాసేపటికి మిషను గది వీధి తలుపు మెల్లగా తెరుచుకున్న చప్పుడు గోడలోంచి వచ్చింది. రెండు జతల కాళ్ళు. బాలస్వామి గుసగుస, లూదియా "ఉష్" అనడం. తర్వాత పానా బోల్టును పట్టిన చప్పుడు. బోల్టు ఊడింది. రేకు డబ్బాలోకి నూనె పడసాగింది, పెరుగు వంచినట్టు ముద్దగా, చాలాసేపు.

దూరం నుంచి గుడిలో పాట వినిపిస్తోంది. ఆ పాట అయిపోయేలోపల వాళ్ళు పని ముగించుకోవాలని జాన్‌కు అర్థమైంది. చాంబరు విప్పాలంటే బిగుసుకుపోయిన బోల్టుల మీద సుత్తి దెబ్బలు పడాలి. అతను సుత్తి కోసం చెవి పెట్టుకుని ఎదురుచూశాడు. పడలేదు. బోల్టు మళ్ళీ బిగించారు. కొత్త నూనె పోశారు. బిందెలోంచి నీళ్ళు పోసినట్టు గలగలమంది. నంద్యాల మిల్లులో పగిలిన గోడ అతని కళ్ళముందు కదిలింది.

మడ్డి గోకలేదు, జల్లెడ కడగలేదు. ఎందుకంటే సుత్తి చప్పుడు తనకు వినపడుతుందని. రెండురోజులు మిషను ఆపితే ఎందుకని తను అడుగుతాడని. వాళ్ళు వదిలేసిన పనికి కారణం తన చెవులే. ఈ ఆలోచన తెగిన దారం కొసలా అతని లోపల వేలాడుతూ ఉండిపోయింది. దాన్ని అతను పట్టుకోనూ లేదు, వదలనూ లేదు.

గుడినుంచి వచ్చినట్టే లూదియా వాకిట్లోంచి వచ్చింది. "పాస్టరయ్య నిన్ను అడిగినాడు" అంది.

"ఏం వాక్యం చెప్పినాడు?"

ఆమె బైబిలు గూట్లో పెట్టింది. "ఏదో చెప్పినాడులే. తలనొప్పి, సరిగ్గా వినలే."

మర్నాడు పొద్దున సీసా వచ్చింది. మూత తీయగానే ఆముదం వాసన. తీసి దాచిన పాత నూనెలోంచి పట్టి తెచ్చిందని జాన్‌కు వెంటనే తెలిసింది. ఇంజనులో లేని నూనె. వేళ్ళ మధ్య వేసుకుని నలిపాడు. తీగ సాగింది. ఆమె పక్కన నిలబడి ఎప్పటిలాగే చూస్తోంది. ఇప్పుడు అడిగితే అయిపోతుంది. "ఇది యాడిది?" అన్న ఒక్క మాట చాలు. కానీ ఆ మాట తర్వాత రేపటినుంచి సీసా రాదు. పొద్దున్నే ఒకరు వచ్చి తన ముందు నిలబడి తన మాట కోసం ఆగడం ఉండదు.

"బాగుండాది. ఇంకింత గేరాయిలు కలుపు" అన్నాడు.

"సరే" అంది లూదియా.

ఆమె నిజంగానే కలిపింది. మిషను గది మూలన ఆ డబ్బాలోని నూనెకు గేరాయిలు కలిసేది, ఆముదం కలిసేది. ఎవరికీ అక్కరలేని ఆ నూనెను ఆమె రోజూ సాకింది. జాన్ రోజూ దాన్ని నలిపి చూసి మంచిచెడ్డలు చెప్పాడు. ఇద్దరిలో ఎవరి దయ మీద ఎవరు బతుకుతున్నారో అతనికి కొన్నిసార్లు తికమకగా ఉండేది.

అంతకంటే కష్టమైంది ఇంకొకటి. ఇంజను బాగైంది. బాలస్వామి హ్యాండిల్ అలా అందుకుంటే ఇలా లేస్తోంది. పళ్ళు నూరే చప్పుడు పోయింది. గోడ మీద అరచెయ్యి పెడితే అదురు మెత్తగా, ఒకే తీరున, నిద్రపోయే బిడ్డ ఊపిరిలా తగులుతోంది. తను నడిపినన్నాళ్ళలో అది ఎన్నడూ అంత సుఖంగా నడవలేదు. అవతల బాలస్వామి ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. జొన్నలు తెచ్చిన ఆడవాళ్ళు నవ్వుతున్నారు. జాన్ ఆ మెత్తటి అదురు కింద అరచెయ్యి ఉంచి, అది ఎప్పుడు చెడుతుందా అని కనిపెట్టుకుని ఉన్నాడు. తను అలా కనిపెట్టుకుని ఉన్నానని ఒప్పుకోవడానికి అతనికి చాలా రోజులు పట్టింది.

అది చెడింది. మొదట, జొన్నలు పోసి ఇంజను మీద బరువు పడినప్పుడు మాత్రం, చాలా లోపల, మూసిన తలుపు మీద ఎవరో పిడికిలితో ఒక్కసారి కొట్టినట్టు ఒక మొద్దు చప్పుడు. మిషను గదిలో నిలబడినవాళ్ళకు అది వినపడదు. పిండి విసిరే రాళ్ళ రొదలో, బెల్టు చప్పుడులో కొట్టుకుపోతుంది. గోడ ఆ రొదనంతా వడకట్టి, లోపలి చప్పుడును మాత్రం జాన్ చెవికి పంపేది. అది ఏమిటో అతనికి తెలుసు. కడ్డీ అడుగునుండే బేరింగుకు దాహమేస్తోంది. నూనె ఉంది, అందడం లేదు. పాత మడ్డి కరిగి, లేచి, జల్లెడకు అడ్డం పడుతోంది.

ఇంజను ఆపి, చాంబరు విప్పి, జల్లెడ కడిగితే చాలు, రెండురోజుల పని.

మర్నాడు సీసా తెచ్చినప్పుడు చెప్పాలనుకున్నాడు. ఆమె వచ్చింది. చెప్పాలంటే ఆదివారం సంగతి తెలుసని చెప్పాలి. ఇన్నాళ్ళూ తెలిసీ నలిపానని చెప్పాలి. అప్పుడు ఆమె ముఖంలో కోపం రాదు, జాలి వస్తుంది. అది అతను చూడలేడు. ఆమె తనంతట తాను అడిగితే చెబుతాను అనుకున్నాడు. చప్పుడేమన్నా వినపడ్తాండాదా అని ఆమె అడగాలి, అంతే. దేవుడికి కూడా ఆ మాటే చెప్పుకున్నాడు. అది న్యాయమైన షరతులానే తోచింది.

"ఎట్లుండాది?" అని అడిగింది ఆమె, సీసావైపు చూపి.

"ఇంజను ఎట్లుండాది?" అన్నాడు అతను.

"బాగుండాది. నువ్వు చెప్పినట్లే పోస్తాండాం గదా."

ఆ మాట ఆమె దయతోనే అన్నది. జాన్‌కు మాత్రం ఆ దయలోంచి ఒక తలుపు మూసుకున్నట్టయింది. "అయితే సరే" అన్నాడు.

తర్వాతి రోజుల్లో పిడికిలి దెబ్బ దగ్గర దగ్గరగా పడసాగింది. రెండుసార్లు నోరు తెరిచాడు. ఒకసారి బాలస్వామిని పిలిచాడు కూడా. అతను పిండి రంగు మీసాలతో వచ్చి "ఏం బావా" అంటే, నీళ్ళు అడిగాడు. తాగినంతసేపూ గోడలో చప్పుడు వింటూనే ఉన్నాడు. తను మౌనంగా ఉండటం ఒక పని కాదని, పడుకున్నవాడు ఏం చేయగలడని తనకు తను చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పుకునేటప్పుడు లోపలినుంచి ఇంకొకడు, చాలా చిన్నగా, ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని లెక్క వేస్తున్నాడు.

అది ఒక మధ్యాహ్నం. ముందు ఆ పిడికిలి దెబ్బలన్నీ ఒక్కటిగా సాగాయి, తర్వాత ఇంజను అరిచింది. ఇనుము ఇనుమును పట్టుకున్న కేక. బెల్టు ఊడి గోడకు కొట్టుకుంది. ఏదో పగిలింది. రాళ్ళు కాసేపు వాటంతట అవి తిరిగి ఆగాయి. వీధిలో కాకులు వినిపించాయి.

ఆ నిశ్శబ్దంలో జాన్‌కు కలిగింది సంతోషం. దాన్ని ఇంకే పేరుతోనూ పిలవడానికి వీల్లేదు. గుండె తేలికైంది. పోయిన కుడిచేతి వేళ్ళలో ఒక్క క్షణం ప్రాణం కదిలినట్టయింది. ఆ వెంటనే అవతలినుంచి లూదియా ఏడుపు వినిపించింది. ఆమె ఏడ్వగా అతను అంతకుముందు విన్నది తను పడిపోయిన రోజున మాత్రమే.

మద్దిలేటి మర్నాడు బస్సులో వచ్చాడు. విప్పడానికి పొద్దు వాలేదాకా పట్టింది. సుత్తి దెబ్బలు ఈసారి ఎవరూ దాచలేదు. చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ వచ్చి, మంచం పక్క పీట మీద కూర్చున్నాడు. అరచేతిలో ఒక నల్లటి ముద్ద ఉంది. లూదియా, బాలస్వామి గుమ్మంలో నిలబడ్డారు.

"జాన్ అన్నా, ఇంజనులో ఇంత తారు దాచుకున్న్యావే. కోయిలకుంట్ల రోడ్డంతా వెయ్యొచ్చు" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "కొత్త నూనె తన పని చేసింది. ఏండ్లనాటి మడ్డిని కరగదీసి లేపింది. లేచింది యాడికి పోతాది? పోయి జల్లెడకు అడ్డం పడింది. పంపుకు నూనె అందలే. బేరింగు కరిగి కారిపొయ్యింది. కడ్డీ విరిగి పక్కకు పొడుచుకుంది."

జాన్ అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. "ఏం కొత్త నూనె?" అన్నాడు.

ఆ మాట అంత సహజంగా వస్తుందని అతను అనుకోలేదు.

లూదియా మంచం దగ్గరికి వచ్చింది. "నేనే పోసినా. నీకు చెప్పకుండా పోసినా. చాంబరు విప్పితే నీకు తెలుస్తాదని విప్పలే. మద్దిలేటన్న చెప్పినాడు విప్పమని. నాదే తప్పు." ఆమె అతని చచ్చుబడిన చేతిని పట్టుకుంది. పట్టుకున్నట్టు అతనికి కనిపించింది గానీ తెలియలేదు.

"నాకొక మాట చెప్తే పొయ్యేది గదా" అన్నాడు జాన్, మెత్తగా.

మద్దిలేటి ముద్దను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "నాకు ఒకటే అర్థం కావడంలే. ఇది ఒక దినంలో పోయేది కాదు. బేరింగు ఇంత తినేదాకా శానా దినాలు కొట్టింటాది. లోపల్లోపల, గుద్దినట్టు. రాళ్ళ చప్పుడులో వదినకు వినపడకపోవచ్చు. నువ్వు గోడకానుకొని పండుకోని ఉండావే అన్నా. నీకు వినపడ్లేదా?"

"కాలూ చెయ్యీ పోయినోనికి చెవులు మాత్రం మిగుల్తాయా?"

"పాపం" అన్నాడు మద్దిలేటి. నిజంగానే నమ్మాడు.

లూదియా చేయి తీసేసింది. వీధిలో ఎవరి ఎద్దుకు మెడగంట మారిందో, పక్కింట్లో ఏ పప్పు వేగుతోందో మంచం మీదినుంచే చెప్పే మనిషి అతను. ఆమె అతని ముఖంలోకి చూసింది. ఏదో వెతుకుతున్నట్టు కాదు, దొరికినదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తర్వాత మద్దిలేటికి కాఫీ కలపడానికి లోపలికి పోయింది.

ఇంజనును బండిమీద నంద్యాల తీసుకుపోయారు. ఊళ్ళో మాత్రం మద్దిలేటి చెప్పింది ఎవరికీ అక్కరలేదు. పల్చటి కొత్త నూనె పోశారు, ఇంజను పోయింది, జాన్ వద్దన్నాడు, పెండ్లాం వినలేదు. కథ అంతే. మిషను మూతపడిన రోజుల్లోనే బావుల మీద నీళ్ళింజన్లున్న రైతులు ఒక్కొక్కరే సీసాలతో రావడం మొదలుపెట్టారు. మంచం పక్కన నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "కొంచెం చూసి చెప్పన్నా" అనేవాళ్ళు. కొందరు పాస్టరు ప్రార్థన చేసేటప్పుడు నిలబడినట్టే నిలబడేవాళ్ళు.

జాన్ ఎడమచేతితో నలిపేవాడు. ఏమీ తెలిసేది కాదు. "పల్చగైంది, గేరాయిలు కలుపు" అనేవాడు. "తీసెయ్యొద్దు, తగ్గినంత పొయ్యి." వాళ్ళు తల ఊపి పోయేవాళ్ళు. తన నోటి నుంచి వెళ్ళిన మాట రుద్రవరందాకా, సిరివెళ్ళదాకా బావి నుంచి బావికి పోతోందని అతనికి తెలుసు. ఎక్కడో పొద్దున్నే ఒక ఇంజను పళ్ళు నూరుతూ లేస్తూ ఉంటుంది. అతను ఆ చప్పుడును ఊహించుకునేవాడు. మొదట్లో అది కలతగా ఉండేది. తర్వాత, అంతమంది తన మాట మీద తమ ఇనుమును అరగదీసుకుంటున్నారన్న ఆలోచనలో ఒక వింత కునుకు దొరికేది.

లూదియా వచ్చినవాళ్ళకు పీట వేసేది, మజ్జిగ ఇచ్చేది. అతనికి అన్నం తినిపించేది, ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది. చేతుల పని ఎక్కడా తగ్గలేదు. మాట మాత్రం అవసరమైనంతే. అతను ఆమె కోప్పడటం కోసం చూశాడు. కోప్పడితే తనూ అరవచ్చు, అరిచి చివరికి ఏడ్వచ్చు. ఆమె ఆ దారి తెరవలేదు.

ఇంజను తెస్తానని ఆమె నంద్యాల పోయిన రోజు అతను గడ్డం గీయించుకున్నాడు. సాయంత్రం వీధిలో లారీ ఆగింది. దించిన బరువు చప్పుడు విన్నాడు. తేలికగా ఉంది.

"ఇంజనేదీ?" అన్నాడు, ఆమె లోపలికి రాగానే.

"ఆడనే అమ్మేసినా. కరెంటు మోటారు తెచ్చినా."

అతను గీయించుకున్న గడ్డం తడుముకున్నాడు. "కరెంటు నిలబడ్తాదా ఈడ?"

"నిలబడినప్పుడు ఆడతాది. లేనప్పుడు లేదు."

"దానికి ఏం నూనె?"

"నూనె లేదు. కొంచెం గ్రీజు. అదీ ఎప్పుడో. మద్దిలేటన్న వచ్చి పెట్టిపోతాడు." ఆమె మంచం కింద ఉన్న ఖాళీ మందుసీసాను తీసుకుని బయటికి పోయింది.

మోటారు లేచిన రోజు జాన్ గోడ మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు. స్విచ్చి వేసిన టక్కుమన్న చప్పుడు, ఆపైన ఒక ఈగ తిరిగినట్టు సన్నటి మోత, రాళ్ళ రొద. మోతలో లోతు లేదు, ఆకలి లేదు, దాహం లేదు. దాని కడుపులో ఏం జరుగుతోందో అతను వినలేడు. ఎవరైనా వచ్చి అడిగినా చెప్పడానికి ఏమీ లేదు. దాని గురించి అడగడానికి ఎవరూ రారు కూడా. సాయంత్రందాకా వింటూనే ఉన్నాడు, ఏదో ఒకటి చెడకపోతుందా అని కాదు; వినడం మానేస్తే ఏం చేయాలో తెలియక.

కొన్నాళ్ళకు కోయిలకుంట్ల వైపు నుంచి ఒక నడివయసు రైతు వచ్చాడు. జాన్ పేరు విని, బస్సు దిగి, అడుగుతూ వచ్చాడట. శనగచేను పక్కన బావి, కొత్తగా కొన్న ఇంజను. సీసా అందించి నిలబడ్డాడు. లూదియా గుమ్మంలో కూర్చుని చేటలో జొన్నలు ఏరుతోంది.

జాన్ సీసా మూత తీయలేదు. వెలుతురుకు పట్టి చూశాడు. నల్లగా ఉంది, పల్చగా ఉంది.

"ఇది మంచి నూనె. నల్లబడింది గానీ చెడిపోలే. మసిని పట్టుకున్న్యాది, అంతే" అన్నాడు, గుమ్మంలో ఉన్న లూదియాకు కూడా వినపడేలా. "ఇదే పోస్తాండు. నెలలు గడవనీకుండా మొత్తం తీసేసి కొత్తది పొయ్యి. ఏమీ కలపొద్దు. ఆముదం అసలే వద్దు."

రైతు అతన్ని వింతగా చూశాడు. "చిక్కటిదే పొయ్యమంటావని చెప్పినారే అన్నా, మా ఊర్లో."

"తప్పు చెప్పినారు."

"మా బామ్మర్దికి నువ్వే గదన్నా చెప్పింది. గేరాయిలు కలపమంటివంట. కలిపినాడు."

"వానికీ చెప్పు. విప్పి కడగమని చెప్పు."

రైతు నవ్వాడు. పరీక్షిస్తున్నాడనుకున్నట్టున్నాడు, లేక మంచాన పడ్డ మనిషికి మతి కూడా తప్పిందనుకున్నాడో. మర్యాదగా సీసా వెనక్కి తీసుకుని గుమ్మంవైపు తిరిగాడు.

"ఏందక్కా, ఆయప్ప మాట మార్చినాడు? ఏది నమ్మాల?"

జాన్ ఆమె వైపు చూశాడు. మోటారు కోసం కరెంటు పెట్టించినప్పుడే వేయించిన బల్బు ఆమె వెనక వెలుగుతోంది. ముఖం సరిగా కనిపించలేదు. ఆమెకు తెలుసు. ఈ ఊళ్ళో అందరికంటే ముందు, శెట్టి త్రాసు ముందు నిలబడి నేర్చుకుని వచ్చి, అక్షరం తప్పకుండా అప్పజెప్పింది ఆమే. ఒక్కసారి తల ఊపితే చాలు.

లూదియా చేటను మెల్లగా కుదిపింది. రాళ్ళు ఒక పక్కకు చేరాయి.

"ఏమోనప్పా" అంది. "నూనె సంగతి నాకు తెల్దు."

రైతు సీసాను తలగుడ్డలో చుట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు. "పోతా పోతా ఆముదం తీసుకుంటా అయితే" అన్నాడు, ఎవరితోనో ప్రత్యేకంగా కాకుండా. వీధిలోకి దిగి బస్టాండు వైపు నడిచాడు. లూదియా లేచి, ఏరిన జొన్నలు బుట్టలో పోసి, మిషను గదిలోకి పోయి స్విచ్చి వేసింది.